మోకాళ్ల నొప్పులున్న అమ్మతో తలకోన జలపాతం దాకా నడవగలమా?

డిసెంబరులో తిరుమల దర్శనం అయ్యాక ఒక రోజు మిగులుతుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో, తొమ్మిదేళ్ల బాబుతో తలకోన వెళ్లిరావచ్చా, కొండ ఎక్కడం కష్టమా అని అడిగారు. తప్పకుండా వెళ్లిరావచ్చు. మాది తిరుపతే. బంధువులు వచ్చినప్పుడల్లా తలకోన ప్రయాణం ఉండాల్సిందే. మా అమ్మకూ మోకాళ్లు నొప్పులే, అయినా జలపాతం కింద దాకా వచ్చి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

ముందుగా, మీరు ఎంచుకున్న నెల చాలా మంచిది. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా జులై, ఆగస్టుల్లో వస్తారు, అక్కడ జలపాతాలన్నీ అప్పుడే పొంగుతాయి కాబట్టి. మా శేషాచలం కొండలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం. అవి బాగా పడ్డాక చూడాలి తలకోనను. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకుతాయి, ఆంధ్రప్రదేశ్‌లో ఇదే అన్నిటికన్నా ఎత్తైన జలపాతమని చెబుతారు. ఎండాకాలంలో ధార సన్నబడిపోతుంది. అడవి అప్పుడూ బాగానే ఉంటుంది కానీ, నీళ్ల కోసం అంత దూరం వచ్చినవాళ్లు మాత్రం నిరాశపడతారు.

అయితే అల్పపీడనం అని వార్తల్లో వస్తే ఆ రెండు మూడు రోజులు ఆ వైపే వెళ్లకండి. 2021 నవంబరు వానలకు తిరుమల శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, బాగుచేసి మళ్లీ తెరిచేసరికి నెలలు పట్టింది. ఈ కొండల్లో నీళ్లు అంత ఉరవడిగా దిగుతాయి. మీరున్న చోట చినుకు లేకపోయినా పైన కురిసిన వాన ఒక్కసారిగా వచ్చి పడుతుంది. బయల్దేరే ముందు రోజు, లోపలికి వదులుతున్నారో లేదో హోటల్‌లోనో, ట్యాక్సీ డ్రైవర్‌నో ఒక మాట అడగండి.

తిరుపతి నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. శ్రీనివాస మంగాపురం, రంగంపేట దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి దిగి, నెరబైలు మీదుగా వెళ్లాలి. బస్సు దొరుకుతుందేమో చూద్దాం అనుకోకండి, పెద్దావిడ ఉన్నారు కాబట్టి కారు మాట్లాడుకోండి. పొద్దున ఏడింటికల్లా బయల్దేరితే జనం రాకముందే చేరుకుంటారు. ఆదివారాలు, కార్తీక మాసం అయితే రద్దీ మరీ ఎక్కువ.

సిద్ధేశ్వర స్వామి గుడి దగ్గర దండం పెట్టుకుని నడక మొదలుపెట్టండి. బండి ఎక్కడిదాకా వదులుతారో చెక్‌పోస్టులోనే కనుక్కుంటే అమ్మగారికి కొంత నడక తగ్గుతుంది. దారి పెద్ద దూరమేమీ కాదు. కొన్నిచోట్ల మెట్లు, కొన్నిచోట్ల ఎగుడుదిగుడు రాళ్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అది కాసేపు కూర్చుంటే పోతుంది. మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే. అమ్మకు చేతికర్ర ఇచ్చాం, మా తమ్ముడు ఆమెకు ఒక మెట్టు ముందు దిగుతూ భుజం అందించాడు. అలా పట్టుకునే మనిషి ఒకరు పక్కన ఉండాలి. చీరకుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమనండి, చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేయించండి.

దారిలో బాబుకు గిల్లతీగ చూపించడం మరిచిపోకండి. తీగ అంటే సన్నగా ఉంటుందనుకుంటాం, ఇది మాత్రం కొన్నిచోట్ల మనిషి తొడంత లావుంటుంది. మెలికలు తిరుగుతూ ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి పాకుతూ పోతుంది. కాయ మూరెడుకు పైనే పొడవు, గింజ గింజకూ మధ్య నొక్కుతో చూడగానే పెద్ద చింతకాయలా ఉంటుంది. లోపలి గింజ చపటగా, గట్టిగా, పాలిష్ పెట్టినట్టు ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతుంది. మా అక్క కూతురు ఆ గింజ చూసి కదలనంటే కదలనంది. చూసి అక్కడే వదిలేయండి, ఇది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, ఆకైనా తీసుకెళ్లకూడదు. ఎర్రచందనం పెరిగేది కూడా ఈ కొండల్లోనే. నిశ్శబ్దంగా నడిస్తే బెట్టుడుత, అంటే చెట్ల మీద తిరిగే పెద్ద అడవి ఉడుత, కనిపించే అవకాశం ఉంది. కోతులైతే కచ్చితంగా కనిపిస్తాయి. లడ్డూ కవర్లు కారులోనే పెట్టి రండి, చేతిలో సంచి కనిపిస్తే లాక్కుపోతాయి.

జలపాతం దగ్గర మాత్రం నా మాట గట్టిగా వినండి. అక్కడి దెబ్బల్లో ఎక్కువ భాగం నడకలో తగిలేవి కావు, నీళ్ల దగ్గర తగిలేవే. ఎర్రటి బండ తడిగా ఉందంటే దాని మీద కంటికి ఆనని పాచి ఉంటుంది, కాలు పెట్టగానే జర్రున జారుతుంది. ధార సరిగ్గా పడే చోట నిలబడాలని అందరికీ ఉత్సాహమే, కానీ నీళ్లతో పాటు పైనుంచి రాళ్లూ రావచ్చు. మడుగు లోతు పైకి తెలియదు. బాబు చెయ్యి వదలకండి, ఒడ్డున మోకాలి లోతు దాటనివ్వకండి. కుర్రాళ్లు పక్క నుంచి పైకి ఎక్కుతుంటారు, మీరు వాళ్ల వెంట వెళ్లొద్దు. కింది నుంచి చూసేదే గొప్పగా ఉంటుంది. పొద్దున గాలికి తుంపర ముఖం మీద పడుతుంటే మా అమ్మ గంటసేపు లేవనే లేదు.

చెట్ల మధ్య తాళ్లతో కట్టిన నడక వంతెన కూడా ఒకటి ఉంది. అది ఊగుతుంది కాబట్టి అమ్మగారు కింద ఉండి, తెరిచి ఉంటే బాబును మీరు తీసుకెళ్లండి. నీళ్ల సీసాలు, ఒక జత పొడిబట్టలు, పులిహోర లాంటిదేదైనా కారులో ఉంచుకోండి, వేళకు భోజనం దొరుకుతుందన్న నమ్మకం లేదు. సాయంత్రం నాలుగింటికి అక్కణ్నుంచి కదిలితే భాకరాపేట ఘాట్ మలుపులు వెలుగుండగానే దాటేస్తారు.