అమెరికా నర్సింగ్ హోమ్ నుంచి సోషల్ వర్కర్ ఫోన్ చేస్తే భయపడబాకండి

చిత్తూరు నుంచి ఒక చెల్లెలు అడిగిన సందేహం ఇది. వాళ్ళ అక్క న్యూజెర్సీలో ఉంటుంది, గ్రీన్ కార్డు మీద ఆమె దగ్గరే ఉన్న అమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయినాక ఇంటికి పంపకుండా ఫిజియోథెరపీ కోసం నర్సింగ్ హోమ్‌కి పంపినారు (మన దగ్గరి చిన్న ఆస్పత్రి కాదు, కోలుకునేవాళ్ళని, పెద్దవాళ్ళని ఉంచుకుని చూసుకునే చోటు). రెండో రోజే అక్కడి సోషల్ వర్కర్ ఫోన్ చేసి ఇంట్లో ఎవరెవరు ఉంటారు, మెట్లు ఎన్ని ఉన్నాయి, పగలు అమ్మ ఒక్కతే ఉంటుందా, ఎవరు వండి పెడతారు అని గుచ్చి గుచ్చి అడిగిందంట. ఈ మాట విని ఊళ్ళో ఉన్న నాయినకి నిద్ర లేదు, అమ్మని సరిగ్గా చూసుకోలేదని కూతురి మీద కేసు పెడతారేమో అని.

కేసూ లేదు గీసూ లేదు. ఆ ప్రశ్నలు అడగడమే ఆమె ఉద్యోగం, ఎందుకంటే పేషెంటు చేరిన రోజు నుంచే తిరిగి ఇంటికి ఎట్ల పంపాలి అనే ప్లాను మొదలు పెట్టాలి. మెట్లు ఉంటే మెట్లు ఎక్కడం ప్రాక్టీసు చేయించమని థెరపీ వాళ్ళకి చెప్తుంది, వాకరు, కమోడ్ చైరు, ఇంటికొచ్చే నర్సు ఇవన్నీ ఆమె చేతిమీదుగానే ఏర్పాటు అవుతాయి. అబద్ధం చెప్పబాకండి, ముఖ్యంగా "మేమంతా ఇంట్లోనే ఉంటాం, మేం చూసుకుంటాం" అని పరువు కోసం చెప్పేస్తారు మనవాళ్ళు, అప్పుడు మనిషి అవసరం లేదనుకుని తొందరగా పంపించేస్తారు, సోమవారం మీరిద్దరూ ఆఫీసుకి పోతే అమ్మని బాత్రూముకి తీసుకెళ్ళే దిక్కు ఉండదు.

మన తిరుపతిలో రుయా ఆస్పత్రిలోనో స్విమ్స్‌లోనో అయితే పేషెంటు పక్కన మన మనిషి ఒకరు చాపేసుకుని ఉంటారు, డాక్టరు రౌండ్సుకి రాగానే లేచి అడిగేది, చీటీ పట్టుకుని పరిగెత్తేది, కౌంటర్లో గొడవ పడేది అన్నీ ఆ మనిషే. నర్సింగ్ హోమ్‌లో ఆ చాప మీది మనిషి పనిలో సగం సోషల్ వర్కర్‌ది అనుకోండి. (మీరు పోకూడదని కాదు, పేషెంటు ఒప్పుకుంటే సొంత మనుషులు ఏ టైములో అయినా పోయి చూడొచ్చు.) 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం తర్వాత ఇది పద్ధతిగా నడుస్తా ఉంది, 120 మంచాలకి మించి ఉన్న హోమ్‌లో ఫుల్ టైమ్ సోషల్ వర్కర్ ఉండి తీరాలి, అంతకన్నా చిన్నవాటిలో కూడా ఆ సేవలు మాత్రం ఇవ్వాల్సిందే. స్నానం చేయించేది, గుడ్డలు మార్చేది ఎయిడ్‌లు అనే సహాయకులు, మందులు నర్సు, బిల్లు బిజినెస్ ఆఫీసు, చేరకముందు తియ్యగా మాట్లాడి అంతా తిప్పి చూపించేది అడ్మిషన్స్ వాళ్ళు. మిగతా చిక్కులన్నీ, అంటే పక్క మంచం ఆవిడతో పడకపోవడం, కళ్ళద్దాలు పోవడం, అమ్మ ఏడుస్తా ఉండడం, ఇవి సోషల్ వర్కర్ దగ్గరికి తీసుకుపోండి.

అట్లాంటి హోమ్‌లోనే ఉండిన మా అత్తది చెప్తాను. చేరిన కొత్తల్లో జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి పెడతారు, మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పమంటారు, ఏ సంవత్సరం, ఏ నెల, ఈరోజు ఏ వారం అని అడుగుతారు, మొత్తం 15 మార్కులు, చాలా హోమ్‌లలో దీన్ని చేసేది సోషల్ వర్కరే. మొదటిసారి ఎవరో హడావిడిగా ఇంగ్లీషులోనే కానిచ్చేసినారు, మా అత్తకి మతిమరుపు బాగా ఉందని కాగితంలో పడింది. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో పెట్టి మళ్ళీ చేయమని అడిగితే చేసినారు, ఈసారి దాదాపు అన్నీ చెప్పింది, ఏ నెల అంటే మాత్రం మార్గశిరం అనింది, ఆమె లెక్కలో అదీ కరెక్టే. ఇంటర్‌ప్రెటర్ ఖర్చు మీది కాదు, హోమ్ వాళ్ళే పెట్టాలి, కాబట్టి మొదటి రోజే అడగండి. మీరే తర్జుమా చేస్తామని ముందుకి పోబాకండి, కోడలి ముందర, కొడుకు ముందర చెప్పని మాటలు పెద్దవాళ్ళకి చాలా ఉంటాయి.

ఇంకో సంగతి కూడా అక్కడే జరిగింది. భోజనం ట్రే వెనక్కి పోయినప్పుడల్లా ఎయిడ్‌లు ఎంత తినింది అని రాసిపెడతారు. మా అత్తకి కొంచెం బరువు తగ్గింది, ఆకలి లేదు, మనసు బాగలేదేమో, డిప్రెషన్ మాత్ర మొదలు పెడదామా అనే దాకా పోయింది మాట. ఆ షీటు చూసి, ఈమె శనివారం రాత్రిళ్ళే ఎందుకు వద్దంటా ఉంది అని మాకు ఫోన్ చేసింది సోషల్ వర్కరే. కొండ కింద పుట్టి పెరిగిన మనిషి, పెళ్ళైనప్పటి నుంచీ శనివారం ఒక్కపొద్దు, రాత్రికి తినదు. మిగతా రోజుల సంగతి ఏందంటే వెజిటేరియన్ అని రాసినందుకు పొద్దున్నే ఆమ్లెట్ పెడతా ఉన్నారు, ఆమె దాన్ని ముట్టుకోదు, ఎవరికీ చెప్పదు. కేర్ ప్లాన్ మీటింగులో, అంటే పేషెంటుని ఎట్ల చూసుకోవాలో అందరూ కూర్చుని రాసుకునే మీటింగులో, డైటీషియన్‌ని కూర్చోబెట్టి గుడ్డు కూడా వద్దు, శనివారం రాత్రి పాలు, అరటిపండు చాలు అని రాయించినాము, మాత్ర మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి కేర్ ప్లాన్ మీటింగ్ వదులుకోబాకండి. చేరిన 48 గంటల్లో ఒక చిన్న ప్లాను రాస్తారు, పూర్తి అసెస్‌మెంట్ 14 రోజుల్లో, అది అయిన 7 రోజుల్లో పూర్తి ప్లాను, ఆ తర్వాత మూడు నెలలకోసారి చూసుకుంటారు. మీటింగులో పేషెంటు, ఇంట్లోవాళ్ళు కూర్చోవచ్చు, చిత్తూరులో ఉన్న నాయిన్ని వాట్సాప్ కాల్‌లో పెట్టమని అడిగినా తప్పు లేదు.

డబ్బు విషయానికొస్తే ఇది పెద్ద కథ, ముఖ్యమైనవి చెప్తాను. 65 దాటి, గ్రీన్ కార్డు మీద వరుసగా 5 ఏళ్ళు అక్కడ ఉన్నవాళ్ళు మెడికేర్ (పెద్దవాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవచ్చు, అక్కడ పని చేసిన లెక్క లేనివాళ్ళకి 2025లో ఆస్పత్రి భాగానికే నెలకి 518 డాలర్లు. ఆస్పత్రిలో కనీసం 3 రోజులు ఇన్‌పేషెంటుగా ఉంటేనే మామూలు మెడికేర్ నర్సింగ్ హోమ్ ఖర్చు ఇస్తుంది, అడ్మిట్ చేయకుండా అబ్జర్వేషన్ అని పెట్టుకున్న రోజులు లెక్కలోకి రావు, ఆస్పత్రిలో ఉన్నప్పుడే ఇది అడిగి తెలుసుకోండి. మొదటి 20 రోజులు పూర్తిగా మెడికేర్‌దే, 21 నుంచి 100 దాకా 2025 లెక్కన రోజుకి 209.50 డాలర్లు మీది, ఆ తర్వాత అంతా మీదే. 100 రోజులు ఇస్తారని ధీమాగా ఉండబాకండి, థెరపీ అవసరం తీరిందనుకుంటే ముందే ఆపేస్తారు, కనీసం రెండు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఒప్పుకోకపోతే కవరేజ్ ఆగే తేదీకి ముందు రోజు మధ్యాహ్నం 12 లోపల అప్పీలు ఫోన్ చేయాలి, నంబరు ఆ నోటీసు మీదే ఉంటుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇవేవీ వర్తించవు, ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ కాగితం అమ్మానాన్నలు రేణిగుంటలో విమానం ఎక్కకముందే చదువుకోండి.

చేరేటప్పుడు కాగితాల కట్ట ఇస్తారు, అందులో రెస్పాన్సిబుల్ పార్టీ (బాధ్యత తీసుకునే మనిషి) అని ఉన్నచోట గబగబా సంతకం పెట్టబాకండి. అమ్మ డబ్బులోంచి కడతాననడం వేరు, నీ జేబులోంచి కడతానని హామీ ఇవ్వడం వేరు, మెడికేర్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వ బీమా) తీసుకునే హోమ్ అడ్మిషన్‌కి షరతుగా ఆ హామీ అడగకూడదు.

ఒకటి గుర్తు పెట్టుకోండి, సోషల్ వర్కర్ ఎంత మంచిదైనా జీతం ఇచ్చేది ఆ హోమే. హోమ్ మీదే ఫిర్యాదు అయితే, ఆమెకి చెప్పినా కదలకపోతే, ప్రతి రాష్ట్రంలో హోమ్‌ల మీద ఫిర్యాదులు వినే లాంగ్ టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్ అని ఉంటారు, ఫీజు లేదు, నంబరు గోడ మీద అతికించి ఉంటుంది. బలవంతంగా ఖాళీ చేయించాలన్నా మామూలుగా 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఆ కాపీ అంబుడ్స్‌మన్‌కీ పోవాలి.

ఇక అదే చెల్లెలు అడిగిన రెండో సందేహం, తను మన పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎం.ఎస్.డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసింది, పెళ్ళయి అమెరికా పోతా ఉంది, ఈ ఉద్యోగం దొరుకుతుందా అని. దొరకొచ్చు. పెద్ద హోమ్‌లకి ఫెడరల్ రూలు అడిగేది సోషల్ వర్క్‌లో గానీ సైకాలజీ, సోషియాలజీ లాంటి దాంట్లో గానీ డిగ్రీ, ఆరోగ్య రంగంలో ఒక ఏడాది పర్యవేక్షణ కింద చేసిన అనుభవం, కొన్ని రాష్ట్రాలు దీని పైన లైసెన్సు కూడా అడుగుతాయి. మన డిగ్రీని సి.ఎస్.డబ్ల్యూ.ఇ. అనే అక్కడి సోషల్ వర్క్ చదువుల కౌన్సిల్ చేత సరిచూపించుకోవాలి, అక్కడికి పోయి మొదలు పెట్టే బదులు మార్కుల లిస్టులు, సిలబస్, ఫీల్డ్ వర్క్ గంటల సర్టిఫికెట్ యూనివర్సిటీ నుంచి ఇప్పుడే తీసి పెట్టుకో తల్లీ. హెచ్ 4, అంటే హెచ్ 1 బి ఉద్యోగి భార్యకిచ్చే వీసా మీద అయితే వర్క్ పర్మిట్ వచ్చేదాకా జీతానికి చేరకూడదు.