ఒంటిచక్రపు సైకిలు బరువు తగ్గించడం ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి కాలువ గట్టు మీద ఒంటిచక్రపు సైకిలు తొక్కుతాడు. బరువు తగ్గించడానికి ఏయే భాగాలను అల్యూమినియంతో మార్చాలి? కార్బన్ ఫైబర్ మంచిదేనా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ముందుగా రిమ్ము, టైరు, ట్యూబుల బరువు చూడండి. ఈ బండికి ఫ్రీవీల్ (పెడల్ ఆపినా చక్రం తిరగనిచ్చే భాగం) ఉండదు కాబట్టి, తొక్కేవారు ప్రతి క్షణం చక్రం వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూనే తూకం నిలుపుకోవాలి. అప్పుడు చక్రం అంచున ఉన్న 100 గ్రాములు సీటు దగ్గరున్న 100 గ్రాములకు దాదాపు రెట్టింపు భారమవుతాయి. అందుకే అల్యూమినియం రిమ్ముకు పెట్టిన డబ్బు వృథా కాదు.

ఇరుసును మాత్రం దయచేసి క్రోమోలీ ఉక్కుతోనే (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) ఉంచండి. ఘన సెంటీమీటరుకు ఉక్కు సుమారు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు తూగుతాయన్నది నిజమే కానీ, అల్యూమినియానికి వంగకుండా నిలిచే బిగువు కూడా ఉక్కులో మూడో వంతే. పైగా ముందుకూ వెనక్కూ పదేపదే పడే ఒత్తిడికి అది చిన్న భారాల కిందనైనా కాలక్రమంలో అలసి చిట్లుతుంది. అల్యూమినియం క్రాంకులు (పెడల్‌ను ఇరుసుకు కలిపే చేతులు) వాడితే, ఇరుసు దూరే రంధ్రం మూలల్లో వెంట్రుకంత పగులు వచ్చిందేమో గుడ్డతో తుడిచి, వెలుతురులో తరచూ చూడండి.

నేర్చుకునే పిల్లవాడి బండి రోజూ సీటు మీదే పడుతుంది కనుక, లోపలి దెబ్బ పైకి కనబడని కార్బన్ సీటు ఇప్పుడే వద్దంటాను. మీది సముద్రపు ఉప్పుగాలి తగిలే సీమ. సీటు గొట్టాన్ని అప్పుడప్పుడు బయటికి తీసి గ్రీజు రాయకపోతే అల్యూమినియం, ఉక్కు కలిసే చోట తుప్పు పట్టి బిగుసుకుపోతుంది.