ముందు గుడ్లు మార్చండి, మిగతావి తర్వాత

జంతువులను బాధపెట్టకుండా పెంచినవే కొనాలని ఉంది, కానీ ఖర్చు భరించలేకపోతున్నాను, ఎక్కడ సర్దుకోవాలి అని అడిగారు. నేను కొన్నేళ్లుగా ఇదే ఆలోచనతో సరుకులు కొంటున్నాను.

మొదట్లో పాలు, గుడ్లు, చికెన్ అన్నీ ఒకేసారి ఖరీదైన రకాలకు మార్చేశాను. రెండో నెల 20వ తారీఖుకే సరుకుల డబ్బు అయిపోయింది. మళ్ళీ పాతవే కొనడం మొదలుపెట్టాను, చాలా బాధేసింది. అప్పుడు వేరేలా ఆలోచించాను. ఉన్న కాస్త అదనపు డబ్బు దేని మీద పెడితే ఆ ప్రాణికి ఎక్కువ మేలు?

నాకు తోచిన జవాబు గుడ్లు. గుడ్ల కోసం కోళ్ళను పెంచే మామూలు బోనులో ఒక్కో కోడికి దక్కే చోటు సాధారణంగా ఒక ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్కలు చాపలేదు, మట్టిలో పొర్లలేదు, గుడ్డు పెట్టడానికి చాటు వెతుక్కోలేదు. ఇలాంటి బోనులను యూరోపియన్ యూనియన్ 2012 నుంచి నిషేధించింది. మేము వారానికి 24 గుడ్లు తినేవాళ్ళం, ఇప్పుడు బోను లేనివి 15 తెచ్చుకుంటున్నాం.

అట్ట మీద రాతలు మాత్రం జాగ్రత్తగా చదవండి. 'ఫార్మ్ ఫ్రెష్' అన్న మాట కోడిని ఎలా పెంచారో చెప్పదు. 'కేజ్ ఫ్రీ' అంటే బోను లేదనే, ఆ కోడి ఎండ ముఖం చూసిందని కాదు. ఆరుబయట తిరిగే వీలుంటేనే 'ఫ్రీ రేంజ్'. గోధుమరంగు పెంకు కోడి జాతిని బట్టి వస్తుంది. అది తెలియక నేను ఏడాదిపాటు ఆ రంగుకే ఎక్కువ డబ్బు పోశాను. బిస్కెట్లు, కేకులు, మయోనైజ్‌లలో కూడా గుడ్లుంటాయి, అవి ఎక్కడివో చాలాసార్లు రాయరు. అవి తగ్గిస్తే డబ్బూ మిగులుతుంది.

మాంసం దగ్గర రకం మార్చలేదు, రోజులు తగ్గించాను. వారానికి నాలుగు రోజులు వండే చికెన్ ఇప్పుడు ఒక్కరోజే. మిగతా రోజులు పప్పులు, శనగలు. మంచి గుడ్లకు డబ్బు ఇక్కడినుంచే వచ్చింది. ఇంకో సంగతి, పెద్ద జంతువుల మాంసం మానేసి ఆ మేరకు చికెన్ పెంచకండి. అంతే మాంసానికి ఎన్నో రెట్లు ఎక్కువ ప్రాణాలు పోతాయి. పైగా మాంసం కోళ్ళు ఎంత వేగంగా బరువు పెరిగే జాతులంటే, ఆరు వారాలు నిండేలోపే కొన్నింటి కాళ్ళు ఆ బరువు మోయలేవు.

మధ్యలో ఉద్యోగం లేని మూడు నెలలు బోను గుడ్లే కొన్నాను. అలాంటి నెలల్లో పిల్లలకు గుడ్డు మాన్పించకండి, తప్పు చేస్తున్నామని కుమిలిపోకండి. చేతిలో డబ్బు ఆడినప్పుడు మళ్ళీ మార్చుకోవచ్చు.

పాల విషయంలో నాకింకా తృప్తి లేదు. పెద్ద డెయిరీల్లో దూడను పుట్టిన కొద్ది రోజులకే తల్లినుంచి వేరు చేయడం మామూలే. అలా చేయని చోటినుంచి కొనడానికి మా డబ్బు సరిపోవడం లేదు. ప్రస్తుతానికి అరలీటరు తగ్గించి, పెరుగు పారబోసే పరిస్థితి రాకుండా చూసుకుంటున్నాను.