సీసపు నాణెం మాత్రం పిల్లల చేతికివ్వకు

చి.సౌ. బుజ్జమ్మకు, పెదనాన్న ఆశీస్సులు.

కొండాపూర్ మ్యూజియంలో బడిపిల్లల చేత కార్యక్రమం చేయిస్తున్నావని మీ నాన్న చెప్పినప్పుడు ఎంత పొంగిపోయానో! కొండాపూర్ అంటే ఇప్పుడు అందరికీ హైదరాబాద్ ఐటీ ఆఫీసులే గుర్తొస్తాయి. సంగారెడ్డి దగ్గర అదే పేరుతో శాతవాహనుల నాటి ఊరు ఉందని, 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ దాన్ని తవ్వించిందని ఆ చుట్టుపక్కల పిల్లలకైనా తెలియాలి కదా. కానీ నువ్వు పంపిన ప్లాన్‌లో "సీసపు నాణేలతో మట్టి అచ్చులు" అన్న మాట చదివాక మనసు కుదురుగా లేదు. అందుకే ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నా.

ముందు చిన్నవి చెప్పేస్తా. ఏఎస్‌ఐ (భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ) దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఒక విడతకు 30 మందికి మించి వద్దు, ఆరుగురికొక బల్ల. పిల్లలు చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోవాలి. శానిటైజర్ వాడనివ్వకు, ఆ తడికి కుండపెంకుల మీద మ్యూజియం వాళ్ళు రాసిన సిరా నంబర్లు చెరిగిపోవచ్చు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. వస్తువును ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకోకూడదు. ఒకరు బల్ల మీద పెట్టాకే ఇంకొకరు తీసుకోవాలి.

చేతికివ్వడానికి కుండపెంకులే మంచివి. వాటిలోనూ తవ్వకంలో ఏ పొరలో దొరికాయో రికార్డు లేనివి, పరిశోధనకు అక్కర్లేదని క్యూరేటర్ తేల్చినవి మాత్రమే తీసుకో. ఒక్కో ట్రేలో ఎనిమిది చాలు. ట్రేలో మందపాటి ఫోమ్ వేసి, ప్రతి పెంకు ఆకారానికీ గుంట కోయించు. గుంట ఖాళీగా ఉంటే పెంకు తిరిగి రాలేదని చూడగానే తెలిసిపోతుంది, వేరే లెక్క అక్కర్లేదు.

"ఇదేమిటి?" అని అడగకు, "ఎలా చెప్పగలవు?" అని అడుగు. లోపలివైపు వరుసగా సన్నని గీతలుంటే కుమ్మరి సారె మీద చేసింది. అడుగున బయటివైపు మసి పట్టి ఉంటే పొయ్యి ఎక్కింది. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు దొరికితే ఆ ఒక్కదానితోనే అరగంట గడుస్తుంది. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుంది, గాలి తగిలిన బయటివైపు ఎర్రబడుతుంది. ఆ మాట నువ్వు చెప్పేయకు, వాళ్ళనే ఊహించనివ్వు.

కుండ మూతి అంచు ఉన్న పెంకులుంటే పూర్తి కుండ గీయించు. పెద్ద చార్టు మీద ఒకే కేంద్రంతో, సెంటీమీటరు ఎడంగా వృత్తాలు గీసిపెట్టుకో. పెంకును బోర్లించి, అంచుకీ బల్లకీ మధ్య వెలుతురు కనిపించనంత వరకు వంచితే అదే దాని అసలు వాలు. తర్వాత ఏ వృత్తంతో కలుస్తుందో చూస్తే మూతి వెడల్పు తెలుస్తుంది. అంచు రెండు వేళ్ళ వెడల్పు కూడా లేకపోతే ఈ కొలత తప్పుతుంది, అలాంటివి ముందే ఏరి తీసెయ్. గోధుమరంగు కాగితం మీద అసలు సైజులో గీసి, కత్తిరించి గోడకు అంటించండి. ఆదివారం ఊళ్ళోని కుమ్మరులను, ముసలమ్మలను పిలువు. ఇది అటిక, అది బాన, అదిగో గురిగి అని వాళ్ళు చెప్పే పేర్లు పిల్లల ఊహల పక్కనే రాయించు. రెండు వేల ఏళ్ళ కిందట కూడా అదే పేరు, అదే వాడకం ఉండేవని మాత్రం రాయొద్దు.

ఇక అసలు సంగతి. నాణెం మీద మెత్తటి మట్టి నొక్కి అచ్చు తీయడం చాలా పాత అలవాటు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ శాతవాహనుల సీసపు నాణెం భూమిలో ఉన్నంతకాలం పైపైన తుప్పు పొర కట్టి ఉంటుంది. ఏనుగు బొమ్మ గానీ, ఆనాటి లిపి బ్రాహ్మీ అక్షరాలు గానీ చాలాసార్లు ఆ పొరలోనే మిగులుతాయి. మట్టి లాగినప్పుడు ఆ పొర పెచ్చులుగా ఊడొస్తుంది. ఒక్క అక్షరం ఊడినా రాజు పేరు పోయినట్టే, మళ్ళీ తెచ్చుకోలేం. అక్షరాల సందుల్లో మిగిలిన మట్టి తడిని పట్టి ఉంచి మిగతాదాన్నీ తినేస్తుంది.

అంతకంటే నా భయం పిల్లల గురించి. సీసానికి చెక్క అల్మారా, అట్టపెట్టె పడవు. వాటిలోంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లకు నాణెం మీద తెల్లని పొడి లేస్తుంది. అది సీసపు విషమే. గోళ్ళ సందుల్లో చేరితే కంటికి కనిపించదు, మధ్యాహ్నం అన్నం చేత్తోనే తింటారు. పెద్దవాళ్ళ కన్నా పిల్లల ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది, మెదడు మీద దెబ్బ కొడుతుంది. ఇంత తెలిసిన పిల్లవి, ఇది ఎలా మరిచిపోయావే? కోప్పడుతున్నాననుకోకు తల్లీ. ఆ పిల్లలు నిన్ను నమ్మి వస్తారు.

నాణేలు మూసిన అద్దం పెట్టెలోనే ఉండనీ. పీవీసీ కవర్లలో పెట్టనివ్వకు, అవీ ఆమ్లం వదులుతాయి. గది చీకటి చేసి, అద్దం బయటి నుంచి టార్చిని బాగా కిందికి, దాదాపు నాణెంతో సమంగా పట్టించు. నేరుగా వేస్తే చదునుగా కనిపించే నాణెం మీద పక్క వెలుతురుకి ఏనుగు తొండం నీడ లేస్తుంది. టార్చి తిప్పుతూ నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫోటోలు తీయించు, ఒకదాంట్లో కనిపించని అక్షరం ఇంకోదాంట్లో దొరుకుతుంది. రెండు సెంటీమీటర్ల నాణేన్ని ఇరవై సెంటీమీటర్లకు ప్రింటు తీసి, దాన్ని చూసి మట్టిపలక మీద చెక్కించు.

అచ్చుల సరదా తీరాలంటే ఇంకో దారి ఉంది. కొండాపూర్‌లో దొరికిన తెల్లమట్టి బొమ్మలు రెండు అచ్చులతో చేసినవే. పిల్లలు ముందు సొంతంగా ఒక మట్టిపిట్ట చేసి, ఒకరోజు ఆరనిచ్చి, బూడిద అద్ది ముందుకొకటి, వెనక్కొకటి అచ్చు తీయాలి. అచ్చులు బాగా ఆరాక రెండింట్లోనూ పలుచగా మట్టి నొక్కి, అంచులు గీరి, జారుమట్టి (నీళ్ళలో పలుచగా కలిపిన మట్టి) రాసి అతికించాలి. కింద చిన్న రంధ్రం మరిచిపోవద్దు. లేకపోతే కాల్చేటప్పుడు లోపలి ఆవిరికి పగులుతుంది. మ్యూజియం బొమ్మ మీద మాత్రం మట్టి పెట్టనివ్వకు.

ఇంకొకటి. ఇంత సరదా చూశాక పిల్లలు ఊరి దిబ్బ మీద పెంకులు ఏరుకొచ్చి నీకు బహుమతిగా ఇస్తారు. కళ్ళు మెరిపిస్తూ తెచ్చినవాణ్ణి కసరొద్దు. కానీ ఎక్కడ పడి ఉందన్నది పోతే ఆ పెంకు చెప్పేది సగం పోతుందని మొదటి రోజే చెప్పు. కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి అక్కడే వదిలేయాలి. భూమిలో నాణేలు, నగలు దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాల్సిందేనని టీచర్లకూ చెప్పు.

ఏరిన పెంకుల ఫోటోలు ట్రేలవారీగా నాకు పంపు, అంచు కొలతకు పనికిరానివి చూసి చెబుతా. ప్లాన్‌లో నాణేల పేజీ మార్చి రాశాకే బడులకు తేదీలు ఇవ్వు.

ఆశీస్సులతో,
పెదనాన్న