బైబిలు: కష్టమైన మాటలు, అంతకన్నా చిక్కైన తేలిక మాటలు

ప్రశ్న: నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడిని కాను. ఆసక్తి కొద్దీ బైబిలును మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆదికాండం కథలా సాగిపోయింది గాని, లేవీయకాండం దగ్గరకు వచ్చేసరికి ఇక ముందుకు సాగలేకపోయాను. అర్థం కాని చోట తెలిసినవారిని అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. పైగా అది స్పష్టంగానే ఉంది కదా అని ముగ్గురూ అన్నారు. దైవవాక్యంగా కొలిచే గ్రంథం ఇంత కష్టంగా ఎందుకుండాలి? ఒకే పుస్తకం నుంచి ఇన్ని అర్థాలు, ఇన్ని శాఖలు ఎలా పుట్టాయి?

జవాబు: మీరు ఒకటిగా అడిగినా ఇవి రెండు ప్రశ్నలు. గ్రంథం కష్టంగా ఉండడం ఒకటి, దానికి భిన్నమైన అర్థాలు చెప్పుకోవడం మరొకటి. మొదటిదే రెండోదానికి కారణమని సాధారణంగా అనుకుంటారు గాని, చరిత్రను చూస్తే అది సగం మాత్రమే నిజమనిపిస్తుంది. బొత్తిగా అంతుపట్టని వచనాల దగ్గర పండితులు తలలు పట్టుకున్నారు. తీవ్రంగా విడిపోయింది మాత్రం చాలాసార్లు చదువు వచ్చిన పిల్లవాడికి కూడా తెలిసే మాటల దగ్గరే.

ముందు కష్టం సంగతి చూద్దాం. లేవీయకాండం దగ్గర ఆగిపోయిన మొదటి పాఠకులు మీరేమీ కాదు. బలులు, శుద్ధి, ఆహార నియమాలు, పండుగలు మొదలైనవాటిని నిర్దేశించే ఆ పుస్తకం కథ చదువుతున్న ఊపులో ఎదురైతే, నవల మధ్యలో ఎవరో చట్టాల సంపుటిని కుట్టి పెట్టినట్టు ఉంటుంది. అసలు బైబిలు అన్న పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థమే ‘పుస్తకాలు’. ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 పుస్తకాలు, కేథలిక్కుల బైబిల్లో 73 పుస్తకాలు ఉంటే, ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం 81 అని లెక్కిస్తుంది. అంటే ఏది బైబిలు అన్న దగ్గరే అందరిదీ ఒక మాట కాదు. శతాబ్దాల పొడవునా ఎక్కువగా హెబ్రీలో, కొన్ని అధ్యాయాలు అరామిక్‌లో, యేసు, ఆయన శిష్యుల గురించిన రెండో భాగమైన కొత్త నిబంధన మొత్తం గ్రీకులో రాసిన ఈ పుస్తకాలలో చట్టం, వంశావళి, పాట, సామెత, దర్శనం, ఉత్తరం అన్నీ ఉన్నాయి. పాటను చట్టంలా, దర్శనాన్ని వార్తలా చదివినప్పుడు తికమక తప్పదు.

ఉత్తరాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తొలినాటి క్రైస్తవ బోధకుడైన (అపొస్తలుడైన) పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, మీరు నాకు రాసినవాటి విషయానికి వస్తే అని ఎత్తుకుని, ఆ వెంటనే స్త్రీని తాకకుండా ఉండడం పురుషుడికి మేలు అన్న వాక్యం వస్తుంది. ఈ వాక్యం ఎవరిది? పౌలు తానుగా చెబుతున్న సిద్ధాంతమా, లేక కొరింథువారు తమ ఉత్తరంలో రాసిన మాటను ఎత్తి చూపి, తరువాతి వచనాలలో దానిని సరిదిద్దుతున్నాడా? ప్రాచీన గ్రీకు రాతప్రతులలో ఉల్లేఖన చిహ్నాలు లేవు. తెలుగులోనైతే వాక్యం చివర ‘అని’ చేరిస్తే అది ఎదుటివారి మాట అవుతుంది, చేర్చకపోతే అపొస్తలుడి బోధగా నిలుస్తుంది. బ్రహ్మచర్యం గొప్పదా, వివాహం గొప్పదా అన్న వాదంలో శతాబ్దాలుగా ఉదాహరించిన వచనం ఇలా రెండక్షరాల మీద ఊగుతూ ఉంటే, ఆ ముడి విప్పగల కొరింథువారి ఉత్తరం మాత్రం మనకు దక్కలేదు. ఫోనులో ఒకవైపు మాటలే విని రెండోవైపు ఊహించుకోవడం ఎలాంటిదో పౌలు పత్రికలు చదవడం అలాంటిది. వాటిలో గ్రహించడానికి కష్టమైన సంగతులున్నాయని కొత్త నిబంధనలోనే, పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయంలో, ఒప్పుకోలు ఉంది.

హెబ్రీకి ఇంకొక ఇబ్బంది ఉంది. ప్రాచీన కాలంలో ఆ భాషలో ప్రధానంగా హల్లులనే రాసేవారు. అచ్చులను చదివేవారే చేర్చుకోవాలి. నిర్గమకాండం 34వ అధ్యాయంలో మోషే సీనాయి కొండ దిగి వచ్చినప్పుడు ఆయన ముఖం ప్రకాశించిందని తెలుగు బైబిల్లో చదువుతాం. అక్కడున్న మూడు హల్లులను ‘కరన్’ అని చదివితే ప్రకాశించిందని, ‘కెరెన్’ అని చదివితే కొమ్ము అని అర్థం వస్తుంది. నాలుగో శతాబ్దం చివరిలో లాటిన్ అనువాదానికి పూనుకున్న జెరోమ్ కొమ్ము వైపు మొగ్గాడు. ఆ అనువాదం పశ్చిమ ఐరోపా అంతటా ప్రామాణికం కావడంతో చిత్రకారులు, శిల్పులు మోషేకు కొమ్ములు పెట్టసాగారు. 16వ శతాబ్దంలో మైకెలాంజెలో చెక్కిన మోషే రోమ్ నగరంలోని ఒక చర్చిలో ఈనాటికీ తల మీద రెండు కొమ్ములతోనే కూర్చుని ఉన్నాడు.

అనువాదం దగ్గర మన భాష కూడా తన వంతు చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. గ్రీకులో రెంటికీ ఒకటే మాట. తుఫానులో పడవ మునిగిపోతుండగా శిష్యులు నిద్రిస్తున్న యేసును లేపి మొరపెట్టుకునే ఘట్టం మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది. అక్కడ ‘మేము నశించిపోతున్నాం’ అని రాస్తే ఆయనకు మాత్రం ఏ ప్రమాదమూ లేదన్న నమ్మకం ఆ మాటలో దాగి ఉంటుంది. ‘మనం నశించిపోతున్నాం’ అని రాస్తే, మునిగిపోయేవారిలో ఆయనను కూడా కలుపుకున్న ఉత్త భయం వినిపిస్తుంది. మూలంలో తేలని ప్రశ్నను తెలుగు అనువాదకుడు తేల్చక తప్పదు, పాఠకుడికేమో అక్కడ ఒక ప్రశ్న ఉందనే తెలియదు. ఒక్కొక్కసారి మన భాషే మేలు చేస్తుంది కూడా. యేసు సహోదరులని మార్కు పేర్కొన్న నలుగురు మరియ కన్న బిడ్డలేనని ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది అంటారు. యోసేపుకు మొదటి భార్య వల్ల కలిగినవారని ఆర్థడాక్స్ సంప్రదాయం చెబుతుంది. దగ్గరి బంధువులని జెరోమ్ చేసిన వాదాన్ని కేథలిక్కులు అనుసరిస్తారు. పినతండ్రి కొడుకును కూడా తమ్ముడనే పిలిచే తెలుగువారికి, ఒక్క మాట మీద మూడు సంప్రదాయాలు ఎలా నిలబడ్డాయో వివరించనక్కరలేదు.

ఇక రెండో ప్రశ్న. 1524లో డచ్ పండితుడు ఎరాస్మస్, మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉన్నదని వాదిస్తూ, లేఖనం అంత స్పష్టమైనదైతే ఇన్ని శతాబ్దాలుగా ఇంతమంది పండితులు ఇందులో ఎందుకు తడబడ్డారని ప్రశ్నించాడు. మరుసటి ఏడు, ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన జర్మన్ వేదాంతి మార్టిన్ లూథర్, పదాలు, వ్యాకరణం తెలియక కొన్ని చోట్లు మసకగా కనిపించవచ్చు గాని లేఖనం చెప్పదలచుకున్న విషయం మాత్రం వెలుగులోనే ఉందని బదులిచ్చాడు. ఆ తరువాత నాలుగేళ్లు తిరగకుండానే, 1529 అక్టోబరులో, జర్మనీలోని హెస్సే ప్రాంతపు పాలకుడు ఫిలిప్ పిలుపు మీద మార్బుర్గ్ కోటలో లూథర్, స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. లేఖనమే తుది ప్రమాణమని నమ్మినవారే ఇద్దరూ, గ్రీకు చదివినవారే ఇద్దరూ. 15 అంశాలలో 14 మీద సమ్మతి కుదిరింది. పదిహేనో అంశమైన ప్రభు భోజనంలో (యేసు చివరి విందును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారంలో), రొట్టెను చూపి యేసు పలికిన ‘ఇది నా శరీరము’ అన్న వాక్యం దగ్గర తెగిపోయింది. లూథర్ ఆ వాక్యాన్ని లాటిన్‌లో సుద్దతో బల్ల మీద రాసి పెట్టుకున్నాడట. అందులోని క్రియకు ‘అయి ఉన్నది’ అనే అర్థమని ఆయన పట్టు. ‘సూచిస్తున్నది’ అని అర్థమని జ్వింగ్లీ పట్టు. ఆ క్రియ తెలుగు వాక్యంలో కనపడనే కనపడదు, యేసు మాట్లాడిన అరామిక్‌లోనూ ఇలాంటి వాక్యానికి అది అవసరం లేదు.

అయితే వారి తగాదా వ్యాకరణం వల్ల వచ్చిందనుకోవడం పొరపాటు. జ్వింగ్లీ యోహాను సువార్త ఆరో అధ్యాయంలోని, శరీరం నిష్ప్రయోజనం అన్న మాటను దీపంగా పట్టుకుని ప్రభు భోజనాన్ని చూశాడు. లూథర్ ఆ దీపాన్ని ఒప్పుకోలేదు. ఏ వచనం వెలుగులో ఏ వచనాన్ని చూడాలో వచనాలు తమంతట తాము చెప్పవు. విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడని రోమా పత్రికను ముందు చదివినవారు ఒక దారి పట్టారు. విశ్వాసం మాత్రమే చాలదు, క్రియలు కావాలన్న యాకోబు పత్రికను పక్కనే పెట్టుకున్నవారు మరొక దారి పట్టారు. 1522లో లూథర్ తన జర్మన్ అనువాదంలో రోమా పత్రిక 3:28లో మూలంలో లేని ‘మాత్రమే’ అన్న మాటను చేర్చి, భాష కోసం అది అవసరమని సమర్థించుకున్నాడు. నా దృష్టిలో అది అనువాదం వేషం వేసుకున్న వ్యాఖ్యానం.

కథలు కూడా ఇంతే. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని ఒక సమరయుడు ఆదుకుని సత్రంలో చేర్చిన కథను మంచి పొరుగువాడి కథగా ఎవరైనా అర్థం చేసుకోగలరు. ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ మాత్రం దెబ్బలు తిన్నవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, సత్రం సంఘం, సత్రం యజమాని పౌలు అని చెప్పాడు. నేటి పాఠకుడికి నవ్వు రావచ్చు. కాని ప్రతి కథ వెనుక రక్షణ కథ, అంటే క్రీస్తు మనిషిని పాపం నుంచి విడిపించే కథ, ఉంటుందని ముందే నమ్మినవారికి ఇది కల్పన కాదు, శ్రద్ధగా చదవడమే.

స్వార్థం కూడా ఒక వ్యాఖ్యాతే. 19వ శతాబ్దపు అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించినవారు, దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ పత్రికను చూపారు. వ్యతిరేకించినవారు క్రీస్తులో దాసుడనీ స్వతంత్రుడనీ లేదన్న గలతీ పత్రికను చూపారు. 1845లో అక్కడి బాప్టిస్టులు బానిసత్వం మీద వచ్చిన తగాదాతో ఉత్తర, దక్షిణ వర్గాలుగా చీలిపోయారు. గ్రీకు రాకపోవడం వల్ల వచ్చిన చీలిక కాదది. పత్తి తోటల ఆదాయం అడ్డువచ్చింది.

ప్రశ్న: అయితే సరైన అర్థం ఏదో తేల్చే అధికారం ఎవరిది? ఎవరి అర్థం వారిదేనా?

జవాబు: అసలైన చీలిక ఈ ప్రశ్న దగ్గరే ఉంది. తల్లిసంఘం పట్టుకొస్తున్న అర్థానికి విరుద్ధంగా ఎవరూ సొంత తెలివితో లేఖనాన్ని వంచకూడదని 1546లో కేథలిక్కుల ట్రెంట్ మహాసభ శాసించింది. ఆర్థడాక్స్ సంఘాలు ప్రాచీన మహాసభలను, సంఘ పితరులనే తొలి శతాబ్దాల వేదాంతులను ప్రమాణంగా తీసుకుంటాయి. లేఖనంలోని సంగతులన్నీ ఒకే తీరున స్పష్టంగా ఉండవని 1640ల నాటి ప్రొటెస్టెంట్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం నిజాయితీగా ఒప్పుకుంటూనే, రక్షణకు అవసరమైనవి మాత్రం చదువు లేనివారికి కూడా తెలిసేంత స్పష్టంగా ఉన్నాయని అంటుంది. ఏవి అవసరమైనవి అన్న దగ్గర మళ్లీ తగాదా వస్తుందని మీరు ఊహించే ఉంటారు. యూదు సంప్రదాయానిది వేరే తోవ: రబ్బీల (యూదు మతగురువుల) బైబిల్లో మూలపాఠం చుట్టూ, ఒకరితో ఒకరు విభేదించే రషీ, ఇబ్న్ ఎజ్రా వంటి వ్యాఖ్యాతల మాటలు ఒకే పేజీలో అచ్చవుతాయి. అక్కడ భేదాభిప్రాయాన్ని దాచిపెట్టరు, చదువులో భాగం చేస్తారు.

ఎవరి అర్థం వారిదేనా అంటే, కాదు. రెండు మూడు అర్థాలకు చోటిచ్చే వచనం ఉంటుంది గాని, ఏ అర్థానికైనా చోటిచ్చే వచనం ఉండదు.

ప్రశ్న: ఒక్క వచనం చూపించి వాదనను ముగించేవారితో ఏం చేయాలి? నాబోటి కొత్తవాడు ఎక్కడి నుంచి చదవాలి?

జవాబు: ఆ వచనానికి ముందున్నది చదివి వినిపించమనండి. వచనాల అంకెలు మూల రచయితలు వేసినవి కావు; అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్థిరపడింది, కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలను రొబేర్ ఎస్తియెన్ 1551లో అచ్చువేసిన ప్రతిలో చేర్చాడు. ఆ అంకెల వల్ల వెతకడం తేలికైంది, తుంచడం అంతకన్నా తేలికైంది. మీ కోసం నేను తలపెట్టినవి కీడు కలిగించేవి కావు, సమాధానకరమైనవే అనే యిర్మీయా 29:11 గోడల మీద, శుభాకాంక్షల కార్డుల మీద తరచుగా కనిపిస్తుంది. దాని ముందు వచనంలో 70 సంవత్సరాలన్న గడువు ఉంది. బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి రాసిన ఉత్తరం అది. దానిని విన్న పెద్దవారిలో చాలామంది ఆ గడువు తీరేదాకా బతికి ఉండే అవకాశం లేదు. గోడ మీది వాక్యం అబద్ధమని కాదు, అది ఎంత దూరపు ఆశో అంకె మింగేసింది.

మీరు లేవీయకాండాన్ని కొంతకాలం పక్కన పెట్టి మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తలలో అదే చిన్నది. 16 అధ్యాయాలను ఒక్క బిగిన చదవవచ్చు. అడుగున సూచనలున్న ప్రతి దొరికితే మంచిది. చివరి అధ్యాయం ఎనిమిదో వచనంలో స్త్రీలు ఖాళీ సమాధి దగ్గర నుంచి భయంతో పారిపోయి, ఎవరికీ ఏమీ చెప్పలేదని ఉంటుంది. నాలుగో శతాబ్దపు రెండు ప్రసిద్ధ గ్రీకు రాతప్రతులు ఈ సువార్తను అక్కడితోనే ముగిస్తాయి. మిగిలిన పన్నెండు వచనాలు తరువాత చేరాయని నేటి పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఎనిమిదో వచనం దగ్గర ఒక నిమిషం ఆగి, ఆ తరువాత మిగిలినవి చదవండి.