జేబు చాకు కొనే ముందు జేబు చూసుకో

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మాస్టర్స్‌కి వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న: "వారాంతాల్లో పీక్ డిస్ట్రిక్ట్ కొండలకి వెళ్తుంటాం. రూములోనూ పనికొచ్చేలా ఇక్కడి పాత పద్ధతి మడత చాకు ఒకటి కొనాలనుంది. ఏది మంచిది?"

తమ్ముడూ, ఏది మంచిదని అడిగావు గానీ ఎంతలో అని అడగలేదు. కొత్తలో అందరూ ఇంతే. పౌండు అంటే రూపాయే అనుకుంటారు.

నేను వచ్చిన కొత్తలో సంతలో 5 పౌండ్లకి ఒక చాకు కొన్నాను. యాపిల్ పండు బాగానే కోసింది. పార్సిల్ తాడు దగ్గరికి వచ్చేసరికి రివెట్టు వదులై బ్లేడు ఊగిపోయింది. ఆ ఉక్రోషంతో ఈసారి 70 పౌండ్లు పోసి, తెరవగానే లాక్ పడే పెద్ద చాకు తెచ్చాను. నా వారం సరుకుల ఖర్చు అందులో సగం కూడా ఉండేది కాదు. తీరా చూస్తే దాన్ని జేబులో వేసుకుని ఊరికే తిరగకూడదట! ఇప్పటికీ అది సొరుగులోనే ఉంది, అమ్మితే పది పౌండ్లు కూడా రావు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, మిగతాది ప్రభుత్వ వెబ్‌సైటులో చదువుకో. మడిచేదై, లాక్ లేనిదై, పదునున్న అంచు 3 అంగుళాలు దాటకపోతే బయట కూడా కారణం చెప్పకుండా దగ్గర ఉంచుకోవచ్చు. మిగతా వాటికి సరైన కారణం చూపించాలి. ఆత్మరక్షణ కోసం అన్నావో, నీ నోటితో నువ్వే ఇరుక్కుంటావు. ఫ్రాన్స్‌లో చేసే ఒపినెల్ 8వ నంబరును అందరూ మెచ్చుకుంటారు, నిజంగా మంచిదే. కానీ దానికి తిప్పే రింగు లాక్ ఉంది, బ్లేడు 8.5 సెంటీమీటర్లు. ఇక్కడ జేబులోకి పనికిరాదు.

కాబట్టి నీకు కావాల్సింది లాక్ లేకుండా, పిడి వీపున ఉండే స్ప్రింగు బిగింపుతో మాత్రమే బ్లేడు నిలబడే రకం. షెఫీల్డ్‌లోనే ఉన్నావు, లాంబ్‌ఫుట్ అనే పాత నమూనా అడుగు. అంచు తిన్నగా ఉంటుంది, కొత్తవాడు కూడా సానరాయి మీద సులువుగా నూరుకోవచ్చు. కొట్లో చేతిలోకి తీసుకుని గాడిలో గోరు పెట్టి నెమ్మదిగా తెరువు. చివరికి వచ్చేసరికి టక్కుమని పడాలి. తెరిచిన బ్లేడును రెండు వేళ్లతో పక్కలకి కదుపు, ఊగకూడదు. మూసి వెలుగుకేసి పట్టుకో, బ్లేడు ఒక పక్కకి ఒరిగి పిడిని రాసుకుంటుంటే వద్దని ఇచ్చెయ్. లాక్ ఉండదు కాబట్టి మొనతో పొడిచే పనులు పెట్టుకోకు, వేళ్ల మీదికి మూసుకుంటుంది.

ఇక ఉక్కు. కార్బన్ స్టీలు త్వరగా పదునెక్కుతుంది, అందుకని మోజుపడి నేనూ ఒకటి కొన్నాను. పులిహోరకి నిమ్మకాయలు కోసి సింకులో వదిలేస్తే తెల్లారేసరికి నల్లమచ్చలు. మోసపోయానని స్క్రబ్బరుతో తోమి తోమి బ్లేడంతా గీతలు చేశాను. మామిడికాయ తరిగితే మన ఇళ్లలో ఇనప కత్తిపీట నల్లబడదూ? అదే ఇది. నలుపుతో ఏమీ కాదు, ఎర్రగా తుప్పు పడితేనే తుడవాలి. కొబ్బరినూనె రాశావనుకో, ఈ చలికి గడ్డకట్టి కూర్చుంటుంది. వంటనూనె కీలులో జిగురవుతుంది. మినరల్ ఆయిల్ ఒక్క చుక్క చాలు.

ఇంత సేవ నీవల్ల కాదు, చదువుకోవాలి, పార్ట్‌టైమ్ చెయ్యాలి. స్టెయిన్‌లెస్ తీసుకో. 1913లో హ్యారీ బ్రేర్లీ అనే లోహ నిపుణుడు ఆ ఉక్కు కరిగించింది కూడా ఈ ఊళ్లోనే, ఇక్కడివాళ్లు ఆ మాట చెప్పుకోకుండా ఉండరు. పిడికి దుప్పికొమ్ము, ఎముక అని ధర పెంచుతారు. పళ్లు కోసేది పిడి కాదు కదా, మామూలు చెక్క చాలు. డబ్బా మూత, స్క్రూ కూడా తియ్యాలంటే స్విస్ చాకుల్లో మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవుండే రకం చూడు, మెయిన్ బ్లేడుకి లాక్ ఉండదు. 111 మిల్లీమీటర్ల వాటికి లాక్ ఉంటుంది, అటు పోకు. ఇండియా వెళ్లేటప్పుడు మాత్రం చెక్-ఇన్ బ్యాగులో పెట్టు, చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర వదులుకోవాల్సిందే.

తొందర లేకపోతే డిసెంబరు 26 సేల్ దాకా ఆగు. ఈలోగా కొండ మీద యాపిల్ కొరుక్కుని తిను.