మా అమ్మాయికి దూరపు ఊళ్లో ఇంజనీరింగ్ సీటొచ్చింది. హాస్టల్ ఖర్చుకి ప్రభుత్వమిచ్చే డబ్బు సరిపోతుందా?

సరిపోదండి. అయినా ఎంతిస్తారని అడిగేవాళ్లే గానీ ఎప్పుడిస్తారని అడిగేవాళ్లు కనపడరు. నా బాధంతా అక్కడే.

నేను గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ చదివాను. మాది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు, రోజూ వచ్చిపోయే దూరం కాదు. అప్పట్లో హాస్టల్, భోజనం ఖర్చులకని జగన్ ప్రభుత్వమిచ్చే జగనన్న వసతి దీవెన పథకం ఉండేది. ఐటీఐ వాళ్లకి 10,000, పాలిటెక్నిక్ వాళ్లకి 15,000, డిగ్రీ, ఇంజనీరింగ్ వాళ్లకి 20,000, ఏడాదికి. రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేస్తామన్నారు. చదువు సాగే పది నెలలకి పంచితే నెలకి రెండు వేలు. మా మెస్ బిల్లు ఏ నెలా మూడున్నర వేలకి తగ్గలేదు. సగానికి పైగా వస్తోంది కదా, మిగతాది ఎలాగో సర్దుకోవచ్చనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

ఇప్పుడు తేదీలు చూడండి. 2021లో ఏప్రిల్ 28న వేశారు. 2022లో ఏప్రిల్ 8న నంద్యాల సభలో ముఖ్యమంత్రి బటన్ నొక్కి వేశారు. 2023లో ఏప్రిల్ 26న, అనంతపురం జిల్లా నార్పలలో. మెస్ వాడు మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా కట్టమంటాడు.

నంద్యాల సభ జరిగిన ఏడాది సంగతి చెప్తాను. సెమిస్టర్ పరీక్షల ముందు హాస్టల్ నోటీసు బోర్డులో బకాయిదారుల జాబితా అంటించారు. పేరు, రూమ్ నంబరు, ఎంత కట్టాలో అన్నీ, అదీ భోజనాల హాలు గుమ్మం పక్కనే. కంచం పట్టుకుని లోపలికెళ్లే ప్రతివాడూ చదివేవాడు. వార్డెన్ గారిని అడిగితే ఒకటే మాట: "డ్యూ క్లియర్ చేసి స్లిప్ తెచ్చుకో, హాల్ టికెట్ ఇస్తా." గవర్నమెంట్ డబ్బులు రావాలి సార్ అంటే, "అదేదో గవర్నమెంట్‌కే చెప్పు" అన్నారు. ఆయన్నీ తప్పుపట్టలేం, బియ్యం కొట్టువాడు జీవో చూపిస్తే బస్తా దించడు కదా.

ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఊళ్లో ఒకాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పంపింది. పరీక్షలు రాశాను.

తర్వాత ఏప్రిల్‌లో డబ్బు పడింది. అమ్మ ఆ రోజుల్లో మిరపకాయల కోతకి వెళ్తోంది. కోతకెళ్లేవాళ్ల చేతులు మీరు చూసే ఉంటారు, వేళ్ల కొసలు అరిగి, పగిలి, రాత్రంతా మంట. ఊళ్లో డబ్బులిచ్చే బ్యాంకు ఏజెంటు, అదే బ్యాంక్ మిత్ర దగ్గర మిషన్ మీద వేలు పెడితే పడలేదు. కొబ్బరినూనె రాసింది, నిమ్మకాయతో రుద్దింది, పదివేళ్లూ మార్చి మార్చి పెట్టింది. రాత్రి ఫోన్లో, "నాయనా, డబ్బులు పడ్డాయంట గానీ ఆ మిషను నా వేలు తీసుకోట్లేదురా, నేను కాదంటోంది" అంది. చివరికి కూలి మానుకుని మండలంలో బ్యాంకుకి వెళ్లి, ఫారం నింపిపెట్టేవాళ్ల కోసం కాచుకుని తీసుకుంది. తీసుకుని నేరుగా ఆ వడ్డీ ఆయన ఇంటికే వెళ్లింది. వసతి దీవెనలో కొంత నా భోజనానికి, కొంత వడ్డీకి, కొంత అమ్మ పోగొట్టుకున్న కూలికి సరిపోయింది. లెక్కల్లో మాత్రం అంతా నా వసతికే.

తల్లి ఖాతాలో వేస్తే తల్లులు కాలేజీకెళ్లి నిలదీస్తారని అప్పట్లో చెప్పేవారు. ఫీజు విషయంలో ఆ మాటకి అర్థముందేమో. ఊళ్లో కూలికెళ్లే అమ్మ గుంటూరొచ్చి సాంబారు నీళ్లగా ఉందని నిలదీస్తుందా? మెస్ డబ్బు పిల్లల సొంత ఖాతాలో, నెలనెలా, ఒకటో తారీఖున పడాలి. కేంద్రం ఎస్సీ పోస్ట్ మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువుల) స్కాలర్‌షిప్ నిబంధనలు 2021లో మార్చినప్పుడు తన వాటా నేరుగా విద్యార్థి ఖాతాకే అంది. ప్రొఫెషనల్ కోర్సుల్లో హాస్టలర్‌కి ఏడాదికి 13,500, ఇంటి నుంచి వచ్చేవాళ్లకి 7,000 అని అప్పుడు పెట్టింది. ఆ తేడా పెట్టడం నాకు నచ్చింది. నన్నడిగితే ఇచ్చే డబ్బు పెంచకపోయినా పర్లేదు, నెలనెలా పడితే చాలు, మధ్యలో చదువు మానేసేవాళ్లు సగానికి సగం తగ్గుతారు. రాసిస్తాను.

మా తాతల కాలంలో వారాలు చేసుకుని చదివేవారు, రోజుకొకరి ఇంట్లో భోజనం. అన్ని కులాల పిల్లలకీ ఆ గుమ్మాలు తెరుచుకునేవి కావు, అది వేరే కథ. కానీ సోమవారం అన్నం సోమవారమే పెట్టేవారు, వచ్చే ఏప్రిల్‌లో పెడతామనేవారు కాదు.

ఇక ప్రభుత్వం మారినప్పుడల్లా పేర్లు మారతాయి. ఇప్పుడు మళ్లీ ఆర్టీఎఫ్ (ఫీజు డబ్బు), ఎంటీఎఫ్ (హాస్టల్, భోజనం ఖర్చు డబ్బు) అనే పాత పేర్లే వినపడుతున్నాయి. ఫ్లెక్సీలు కొత్తవి, ఆదాయ ధ్రువపత్రం కోసం క్యూ మాత్రం పాతదే. "ఉచితాలిచ్చి పిల్లల్ని సోమరుల్ని చేస్తున్నారు" అని ఆన్‌లైన్‌లో కామెంట్లు పెట్టే పెద్దమనుషుల్ని ఆ నోటీసు బోర్డు పక్కన ఒక్క పూట నిలబెట్టాలి.

మీ అమ్మాయి సంగతికొస్తే, తన పేరున ఖాతా తెరిచి ఆధార్ ఇప్పుడే లింక్ చేయించండి. మొదటి మూడు నాలుగు నెలల మెస్ బిల్లు చేతిలో పెట్టుకున్నాకే హాస్టల్లో దించండి, సాయం వస్తుందన్న ధైర్యంతో దించకండి. చేర్చే రోజున వార్డెన్‌ని, మెస్ బిల్లు ఆలస్యమైతే ఏం చేస్తారో సూటిగా అడగండి. కాలేజీ బ్రోచర్లో బాస్కెట్‌బాల్ కోర్టు ఫొటో ఉంటుంది గానీ ఈ ముక్క ఉండదు.